అల్లోపియాస్ గ్రాసిలే

అల్లోపియాస్ గ్రాసిలే ఉష్ణమండల దేశాలన్నింటిలోను విస్తరించి ఉన్న ఒక చిన్న నేలనత్త. ఇది మొలస్కా వర్గంలో గాస్ట్రోపోడా తరగతికి, అకాటినిడే కుటుంబానికి చెందినది. పూర్తిగా ఎదిగిన నత్త కర్పరం ఒకటి లేదా ఒకటిన్నర వడ్లగింజల పొడవు మాత్రమే ఉంటుంది. భారతదేశంలో పెరళ్ళలోను, పూలకుండీల అడుగున, రాలిన ఆకుల కింద, తడి ఇటుకల సందులలో ఇది నివసిస్తుంది. పరిమాణం చిన్నది కావడంతో చాలామంది దీనిని చూసి కూడా గమనించరు. గమనించినవారు తరచుగా మరొక నత్తగా పొరబడతారు.

ఈ పొరపాటు రెండు విధాలుగా నష్టం కలిగిస్తుంది. హానిలేని ఈ చిన్న నత్తను పంటలను నాశనం చేసే ఆఫ్రికా రాక్షస నత్త పిల్లగా భావించి తోటలో విషపు గుళికలు చల్లడం మొదటిది. నిజంగా ఆఫ్రికా నత్త పిల్లలు కుండీలతోపాటు ఊరిలోకి వచ్చినప్పుడు, ఇవి ఎప్పుడూ ఉండే చిన్న నత్తలే కదా అని వదిలివేయడం రెండవది. కర్పరాన్ని ఒక క్రమంలో పరిశీలించడం నేర్చుకుంటే ఒక భూతద్దం, ఒక గ్రాఫు కాగితంతోనే ఈ రెండు పొరపాట్లనూ నివారించవచ్చును. ఈ వ్యాసంలో ప్రధానంగా ఆ గుర్తింపు విధానం, ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పరిసరాలను దృష్టిలో ఉంచుకొని వివరించబడినది.

పేరు, వర్గీకరణ

ఈ నత్తను మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించినవాడు థామస్ హట్టన్. బెంగాల్ సైన్యంలో అధికారిగా ఉన్న హట్టన్ 1834లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో భారతదేశపు నేలనత్తల గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో గంగాతీరంలోని మీర్జాపూరు ప్రాంతపు నమూనాల ఆధారంగా దీనికి బులిమస్ గ్రాసిలిస్ అని పేరు పెట్టాడు. ఆ కాలంలో పొడవైన కర్పరం గల నేలనత్తలను చాలావరకు బులిమస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. తరువాత ఇది ఓపియాస్, లామెల్లాక్సిస్ మొదలైన ప్రజాతుల పేర్లతో గ్రంథాలలో కనిపిస్తుంది. 1935లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెచ్.బి. బేకర్ అల్లోపియాస్ అనే పేరును ఏర్పరచాడు. పాత పుస్తకాలు చదివే విద్యార్థులు ఈ పేర్లన్నీ ఒకే నత్తవని గుర్తుంచుకోవాలి.

ఓపియాస్ అనే గ్రీకు మాటకు చెప్పులు కుట్టే ఆరె అని అర్థం. గ్రాసిలే అనే లాటిన్ మాటకు సన్నని, నాజూకైన అని అర్థం. ఆరెవలె సన్నగా, కొనదేరి ఉండే కర్పరానికి ఈ పేరు చక్కగా సరిపోతుంది. దీని గుంపును పూర్వం సుబులినిడే అనే ప్రత్యేక కుటుంబంగా పరిగణించేవారు. లాటిన్ భాషలో సుబులా అన్నా ఆరె అనే అర్థం. ఇటీవలి వర్గీకరణలో ఈ గుంపును అకాటినిడే కుటుంబంలో ఒక ఉపకుటుంబంగా చేర్చారు. అందువలన ఈ చిన్న నత్త, 20 సెంటీమీటర్ల వరకు పెరగగల ఆఫ్రికా రాక్షస నత్త నేడు ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటి మధ్య పొరపాటు జరగడానికి ఈ బంధుత్వం కూడా కొంత కారణం.

కర్పరం నిర్మాణం

నత్త శరీరం మెత్తనిది. దానిని కాపాడే గట్టి గుల్లనే కర్పరం అంటారు. ఇది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటుతో, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థంతోనే తయారవుతుంది. నత్త పెరిగేకొద్దీ కర్పరం అంచున కొత్త పొరలు చేరుతూ ఉంటాయి. పాత భాగం అలాగే మిగిలి ఉంటుంది. గుడ్డులో ఉండగా ఏర్పడిన భాగం కొనలో, నిన్న ఏర్పడిన భాగం ముఖద్వారం అంచున ఉంటాయి. అంటే ఒక్క కర్పరంలో నత్త జీవితమంతా వరుసగా నమోదై ఉంటుందన్నమాట.

గుర్తింపుకు ఈ క్రింది భాగాలు తెలిసి ఉండాలి.

* కొన: కర్పరం పై చివర. ఇందులో మొట్టమొదటి చుట్లు ఉంటాయి.
* చుట్టు: కర్పరం ఒకసారి పూర్తిగా తిరిగిన భాగం. అన్నిటికన్నా కిందిదీ, పెద్దదీ అయినది చివరి చుట్టు.
* అతుకు గీత: ఒక చుట్టు మరొక చుట్టుతో కలిసేచోట కనిపించే గీత.
* ముఖద్వారం: నత్త బయటకు వచ్చే రంధ్రం.
* పెదవి: ముఖద్వారపు బయటి అంచు.
* స్తంభిక: చుట్లన్నీ దేని చుట్టూ తిరుగుతాయో ఆ నడిమి కంబం. దీని కింది చివర ముఖద్వారం లోపలి అంచున కనిపిస్తుంది.
* నాభి: స్తంభిక బోలుగా ఉన్నప్పుడు కర్పరం అడుగున కనిపించే చిన్న రంధ్రం లేదా చీలిక.

కుడిచుట్టు, ఎడమచుట్టు

కర్పరాన్ని కొన పైకి, ముఖద్వారం మనవైపు ఉండేటట్లు నిలపాలి. ద్వారం మన కుడిచేతివైపు ఉంటే అది కుడిచుట్టు, ఎడమచేతివైపు ఉంటే ఎడమచుట్టు. అల్లోపియాస్ గ్రాసిలే కుడిచుట్టు నత్త.

ఇక్కడ తెలుగు పాఠకులకు ఒక సందేహం కలగవచ్చును. పూజలో దక్షిణావర్త శంఖమని ఎంతో విలువైనదిగా భావించే శంఖం శాస్త్రజ్ఞుల లెక్కలో ఎడమచుట్టు శంఖం. సామాన్యంగా దొరికే వామావర్త శంఖం కుడిచుట్టుది. ఇందులో వైరుధ్యమేమీ లేదు. సంప్రదాయంలో శంఖాన్ని కొన కిందికి ఉండేటట్లు పట్టి చూస్తారు. జంతుశాస్త్రంలో కొన పైకి ఉండేటట్లు నిలుపుతారు. తలకిందులు చేసినప్పుడు కుడి ఎడమ అవుతుంది. కాబట్టి నత్తలను పరిశీలించేటప్పుడు కొన పైకి నిలిపే పద్ధతినే పాటించాలి.

అల్లోపియాస్ గ్రాసిలే కర్పర లక్షణాలు

* ఎత్తు: సాధారణంగా 7 నుండి 12 మిల్లీమీటర్లు.
* వెడల్పు: సుమారు 3 మిల్లీమీటర్లు. ఎత్తు వెడల్పుకు రెండున్నర నుండి మూడు రెట్లు ఉంటుంది.
* ఆకారం: సన్నని గోపురం వలె పొడవుగా ఉండి, పైకి పోయేకొద్దీ క్రమంగా సన్నబడుతుంది. కొన మాత్రం సూదివలె గాక కొంచెం మొద్దుగా ఉంటుంది.
* చుట్లు: ఎదిగిన నత్తలో 7 నుండి 9. ప్రతి చుట్టూ కొద్దిగా ఉబ్బి ఉంటుంది.
* రంగు: బతికి ఉన్నప్పుడు లేత పసుపు, పలుచని కొమ్ము రంగు. కాంతి ప్రసరించే పలుచని కర్పరం గుండా లోపలి శరీరం కనిపిస్తుంది.
* ఉపరితలం: మెరుపు కలిగి ఉంటుంది. భూతద్దంతో చూస్తే నిలువుగా సన్నని పెరుగుదల గీతలు కనిపిస్తాయి.
* ముఖద్వారం: కోలగా, కర్పరం ఎత్తుతో పోల్చితే చిన్నదిగా ఉంటుంది. లోపల పళ్ళవంటి నిర్మాణాలు ఉండవు.
* పెదవి: పలుచగా, పదునుగా ఉంటుంది. బయటకు మడత పడదు, మందం కాదు.
* స్తంభిక: దాదాపు నిటారుగా ఉండి, అడుగున తెగినట్లు లేకుండా ముఖద్వారపు అంచుతో నునుపుగా కలిసిపోతుంది.

చివరి లక్షణం అన్నిటికన్నా ముఖ్యమైనది. దీనిని పోలిన అనేక నత్తలలో స్తంభిక అడుగుభాగం కత్తితో కోసినట్లు హఠాత్తుగా తెగిపోయి, అక్కడ ఒక చిన్న గంటు కనిపిస్తుంది. అల్లోపియాస్ గ్రాసిలేలో ఈ గంటు ఉండదు.

గుర్తించే క్రమం

చిన్న నత్తలను గుర్తించడంలో చాలామంది మొదట రంగును చూస్తారు. నత్త చనిపోయిన తరువాత కర్పరం ఎండకు, వానకు పారదర్శకత కోల్పోయి సున్నంవలె తెల్లబడుతుంది. కనుక రంగును చివర చూడాలి. ఈ క్రింది క్రమం పాటించడం మంచిది.

1. ఒకే చోట దొరికిన కర్పరాలను కొన్నింటిని కలిపి పరిశీలించాలి. ఒక్క కర్పరంపై ఆధారపడరాదు. వాటిలో పెద్దవి, విరగనివి ఎంచుకోవాలి.

2. మొత్తం ఆకారం చూడాలి. పొడవైన గోపురమా, స్తంభాకారమా, శంకువా, చదునైన బిళ్ళవంటిదా అని నిర్ణయించాలి. ఈ ఒక్క మెట్టుతోనే పెరటిలోని సగం నత్తలు వేరుపడతాయి.

3. చుట్టు దిశను పైన చెప్పిన విధంగా చూడాలి.

4. గ్రాఫు కాగితంపై పెట్టి ఎత్తు, వెడల్పు కొలవాలి. గ్రాఫు కాగితంలో ఒక చిన్న గడి ఒక మిల్లీమీటరు. ఎత్తును కొన నుండి ముఖద్వారం అడుగు వరకు, కర్పరం నడిమి అక్షానికి సమాంతరంగా కొలవాలి.

5. చుట్లు లెక్కించాలి. కర్పరాన్ని పై నుండి చూస్తే కొన మధ్యలో ఒక చిన్న అర్ధచంద్రాకారపు మొదలు కనిపిస్తుంది. దాని అంచున ఒక గీత ఊహించుకొని, ఆ గీతను అతుకు ఎన్నిసార్లు దాటినదో లెక్కించాలి. మిగిలిన భాగాన్ని పావు, అర, ముప్పావుగా రాసుకోవాలి.

6. ముఖద్వారంలో పళ్ళు ఉన్నవా, పెదవి మందంగా ఉన్నదా, పలుచగా ఉన్నదా చూడాలి.

7. స్తంభిక అడుగు నునుపుగా కలిసిపోయినదా, తెగినట్లున్నదా చూడాలి. దీనికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం సరిపోతుంది. కర్పరాన్ని కొద్దిగా పక్కకు తిప్పుతూ చూస్తే గంటు స్పష్టంగా కనిపిస్తుంది.

8. చివరగా ఉపరితలం, రంగు రాసుకోవాలి.

నాలుగు, అయిదు మెట్లలో వచ్చిన అంకెలను కలిపి చూడడం అవసరం. ఎత్తు ఒక్కటే తెలిస్తే ప్రయోజనం తక్కువ. ఎంత ఎత్తుకు ఎన్ని చుట్లు అన్నదే జాతి వివరం తెలుపుతుంది.

ఆఫ్రికా రాక్షస నత్త పిల్లలతో పోలిక

ఆఫ్రికా రాక్షస నత్త శాస్త్రీయ నామం లిస్సకాటినా ఫులికా. దీని జన్మస్థానం తూర్పు ఆఫ్రికా. 1847లో విలియం హెన్రీ బెన్సన్ అనే నత్తల పరిశోధకుడు మారిషస్ నుండి కొన్నింటిని కలకత్తాకు తీసుకువచ్చాడు. వాటి సంతతి అక్కడి తోటలలో స్థిరపడింది. కాలక్రమంలో ఇది దేశంలోని అనేక రాష్ట్రాలకు వ్యాపించినది. కూరగాయలు, అరటి, బొప్పాయి, పూలమొక్కలు మొదలైన అనేక మొక్కలను తింటుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జాతులతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి నిపుణులు రూపొందించిన జాబితాలో దీని పేరు ఉన్నది.

గుడ్డు నుండి అప్పుడే బయటకు వచ్చిన ఆఫ్రికా నత్త పిల్ల కర్పరం సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే కొన్నాళ్ళపాటు అది అల్లోపియాస్ గ్రాసిలే పరిమాణంలోనే ఉంటుంది. ఆ దశలో రెండింటినీ ఈ విధంగా వేరు చేయాలి.

* 8 మిల్లీమీటర్ల ఎత్తున్న అల్లోపియాస్ గ్రాసిలేలో ఏడు చుట్ల వరకు ఉంటాయి. అదే ఎత్తున్న ఆఫ్రికా నత్త పిల్లలో అందులో సగం చుట్లు మాత్రమే ఉంటాయి.
* అల్లోపియాస్ కర్పరం సన్నని గోపురం. ఆఫ్రికా నత్త పిల్ల కర్పరం లావుగా, గుడ్డు ఆకారంలో ఉంటుంది.
* అల్లోపియాస్‌లో ముఖద్వారం చిన్నది. ఆఫ్రికా నత్త పిల్లలో ముఖద్వారం, చివరి చుట్టు కలిసి కర్పరంలో అధిక భాగాన్ని ఆక్రమిస్తాయి.
* అల్లోపియాస్‌లో స్తంభిక అడుగు నునుపుగా కలిసిపోతుంది. ఆఫ్రికా నత్తలో అది తెగినట్లుంటుంది.

దీనికి కారణం సులభంగా గ్రహించవచ్చును. ఒకటి తన చుట్లన్నీ పూర్తిచేసుకున్న పెద్ద నత్త, మరొకటి ఇంకా పెరగవలసిన పిల్ల. చిన్నదై ఉండి చుట్లు ఎక్కువగా ఉంటే అది పెద్దయిన చిన్న జాతి. చిన్నదై ఉండి చుట్లు తక్కువగా ఉంటే అది పెద్ద జాతి పిల్ల కావచ్చును. ఈ సూత్రం ఇతర నత్తలకు కూడా వర్తిస్తుంది.

దీనిని పోలిన ఇతర చిన్న నత్తలు

* సుబులైనా ఆక్టోనా: 1789లో బ్రుగియేర్ వర్ణించాడు. ఉష్ణమండల అమెరికాకు చెందినది, మనుషుల ద్వారా ఇతర ఖండాలకు వ్యాపించినది. అల్లోపియాస్ కన్నా పొడవు, 17 మిల్లీమీటర్ల వరకు పెరగవచ్చు. స్తంభిక అడుగున స్పష్టంగా తెగి ఉంటుంది. పారదర్శకమైన కర్పరం గుండా లోపలి గుడ్లు తెల్లని పూసల వరుసవలె కనిపించడం దీని ప్రత్యేకత.

* అల్లోపియాస్ క్లావులినమ్: అదే ప్రజాతికి చెందిన మరొక జాతి. గ్రాసిలే కన్నా పొట్టిగా, కొంచెం లావుగా, తక్కువ చుట్లతో ఉంటుంది. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఎదిగిన కర్పరాలు తప్పనిసరి.

* ఓపియాస్ హన్నెన్సే: ఇంకా చిన్నది, సుమారు 5 నుండి 7 మిల్లీమీటర్లు. పక్క నుండి చూస్తే పెదవి వంపు తిరిగి, పైభాగంలో లోపలికి జరిగినట్లుంటుంది. పాత గ్రంథాలలో దీనికి ఓపియాస్ ప్యుమిలమ్ అనే పేరు కనిపిస్తుంది.

* గ్లెస్సులా ప్రజాతి: భారతదేశం, శ్రీలంకలలో అనేక జాతులున్నవి. కర్పరం నిగనిగలాడుతూ, ఎక్కువగా గోధుమ రంగులో ఉంటుంది. స్తంభిక అడుగున తెగి ఉంటుంది.

* హట్టొనెల్లా బైకలర్: దీనిని కూడా హట్టన్ 1834లోనే వర్ణించాడు. కర్పరం 6, 7 మిల్లీమీటర్ల పొడవున స్తంభాకారంలో ఉంటుంది. ముఖద్వారంలో పళ్ళవంటి నిర్మాణాలు ఉంటాయి కాబట్టి పోల్చుకోవడం తేలిక. బతికి ఉన్నప్పుడు దాని నారింజ, పసుపు రంగుల శరీరం కర్పరం గుండా కనిపిస్తుంది. ఇది మాంసాహారి. ఇతర చిన్న నత్తలను వేటాడి తింటుంది.

* జూటెకస్ ఇన్సులారిస్: పొడి నేలలలో నివసిస్తుంది. కర్పరం లావుపాటి స్తంభంవలె, గట్టిగా, తెల్లగా ఉండి, నిలువు గీతలు కలిగి ఉంటుంది. అడుగున నాభి చీలికవలె కనిపిస్తుంది.

* ప్యూపాయిడిస్ సీనోపిక్టస్: హట్టన్ 1834లో వర్ణించిన మరొక జాతి. సుమారు 4 మిల్లీమీటర్లు మాత్రమే. పెదవి బయటకు విచ్చుకొని మందంగా ఉంటుంది. పెదవి మందం కావడం నత్త ఎదిగినదనడానికి గుర్తు.

అల్లోపియాస్ గుంపులో పెదవి ఎప్పుడూ పలుచగానే ఉంటుంది. కనుక అది ఎదిగినదో కాదో పెదవిని చూసి చెప్పడం సాధ్యం కాదు. చుట్ల సంఖ్యే ఆధారం.

ఉత్తర తెలంగాణ పరిసరాలు

2016 అక్టోబరులో జరిగిన పునర్వ్యవస్థీకరణలో పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విభజింపబడినది. పూర్వపు కరీంనగర్ జిల్లా నుండి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కొన్ని మండలాలు ఇతర జిల్లాలలో కలిసినవి. ఈ రెండు ప్రాంతాల నడుమ గోదావరి నది ప్రవహిస్తుంది.

నత్తలకు రెండు వసతులు కావాలి. ఒకటి తేమ, రెండు కర్పరానికి సున్నం. ఇక్కడ నైరుతి ఋతుపవనాల వలన జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాలు కురుస్తాయి. ఆ నెలలలో నత్తలు చురుకుగా తిరుగుతాయి. ఎండాకాలంలో నేలనత్తలు మట్టిలోకి, రాళ్ళ కిందికి చేరి కదలకుండా ఉంటాయి. అప్పుడు దొరికేవి ఎక్కువగా ఖాళీ కర్పరాలే.

నేల విషయానికి వస్తే, కరీంనగర్ పరిసరాలలో గ్రానైటు గుట్టలు, ఎర్ర చెలక నేలలు ఎక్కువ. నిర్మల్, ఆదిలాబాదు వైపు నల్లని బసాల్టు శిల, దానిపై నల్లరేగడి ఉన్నవి. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్ ప్రాంతాలలో సున్నపురాతి నిక్షేపాలు ఉండడం వలననే సిమెంటు కర్మాగారాలు వెలసినవి. సాధారణంగా సున్నపురాతి నేలలలో నేలనత్తలు ఎక్కువ జాతులతో, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. గ్రానైటు నేలలలో సున్నం తక్కువ. అక్కడ పాత సున్నపు గోడల అడుగు, ఇంటి పునాదుల పక్కభాగం వంటి చోట్ల నత్తలకు సున్నం లభిస్తుంది.

విద్యార్థులు వెదకదగిన చోట్లు: పూలకుండీల అడుగు, బోరు నీరు పారే కాలువ గట్టు, ఆకుల ఎరువు కుప్ప, మామిడి తోటలలో చెట్ల మొదళ్ళ వద్ద రాలిన ఆకులు, బడి ఆవరణలోని తడి ఇటుకల కింద. కవ్వాల్ అభయారణ్యం వంటి రక్షిత అడవులలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ జీవినీ, కర్పరాన్నీ సేకరించరాదు. కవ్వాల్ 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటింపబడినది.

సేకరణ, భద్రపరచడం

బతికిన నత్తలను చంపవలసిన అవసరం లేదు. గుర్తింపుకు ఖాళీ కర్పరాలు, ఛాయాచిత్రాలు చాలు. రాలిన ఆకుల పొడిని ఎండబెట్టి జల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలినదానిని తెల్ల కాగితంపై పరచి భూతద్దంతో వెదకాలి. ఆ పొడిని నీటిలో వేస్తే గాలి నిండిన ఖాళీ కర్పరాలు పైకి తేలుతాయి, మట్టి కిందికి దిగుతుంది. తేలినవాటిని మెత్తని కుంచెతో తీసి ఆరబెట్టాలి. వేళ్ళతో నొక్కితే పలుచని పెదవి విరిగిపోతుంది.

ఛాయాచిత్రాలు మూడు వైపుల నుండి తీయాలి: ముఖద్వారం ఎదురుగా, పక్క నుండి, కొన పై నుండి. పక్కన కొలబద్ద ఉంచాలి. ప్రతి నమూనాతో ఊరి పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు రాసి ఉంచాలి. ఈ చీటీ లేని కర్పరం ఎంత అందంగా ఉన్నా శాస్త్రానికి ఉపయోగం తక్కువ.

కొన్ని నేలనత్తలు, ముఖ్యంగా ఆఫ్రికా రాక్షస నత్త, ఎలుక ఊపిరితిత్తుల పురుగు అనే పరాన్నజీవికి ఆశ్రయమిస్తాయి. అది మనుషులలో మెదడు పొరల వాపును కలిగించగలదు. కనుక నత్తలను పట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆకుకూరలను బాగా కడిగి వాడుకోవాలి.

కర్పరం పరిమితులు

కర్పరం అన్ని ప్రశ్నలకూ సమాధానం ఇవ్వదు. ఒకే జాతి నత్తలు తేమ, సున్నం, ఆహారం లభించేదానినిబట్టి కొంత పొడవుగానో పొట్టిగానో పెరుగుతాయి. వేరువేరు జాతులు ఒకే రకమైన జీవితం గడపడం వలన ఒకే ఆకారం పొందవచ్చును. పిల్ల నత్తల కర్పరాలలో జాతి లక్షణాలు పూర్తిగా ఏర్పడి ఉండవు. అటువంటి సందర్భాలలో శాస్త్రజ్ఞులు శరీరాన్ని కోసి జననాంగాల నిర్మాణం పరిశీలిస్తారు, లేదా డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తారు.

కనుక అన్ని లక్షణాలు సరిపోయినప్పుడు అల్లోపియాస్ గ్రాసిలే అని, కొన్ని మాత్రమే సరిపోయినప్పుడు అల్లోపియాస్ ప్రజాతికి చెందిన నత్త అని రాయడం సరియైన పద్ధతి. తప్పు పేరు కన్నా సగం పేరు మేలు. ఒకసారి జాబితాలో చేరిన తప్పు పేరు ఒక గ్రంథం నుండి మరొక గ్రంథానికి పాకుతూ పోతుంది. ఆంగ్లేయుల కాలంలో బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో మొలస్కాపై 1908, 1914, 1921 సంవత్సరాలలో మూడు సంపుటాలు వెలువడినవి. 1916లో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2010లో దేశపు నేలనత్తల జాబితాను ప్రచురించినది. అందులో వెయ్యికి పైగా జాతులున్నవి. ఇటువంటి జాబితాల విలువ వాటి వెనుక ఉన్న ఒక్కొక్క గుర్తింపు సరియైనదా కాదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

కర్పరమే మిగిలినప్పుడు

నత్త చనిపోయి శరీరం నశించిన తరువాత కూడా కర్పరం మిగులుతుంది. అప్పుడు గుర్తింపుకు అదొక్కటే ఆధారం. దీనికి చక్కని ఉదాహరణ నిర్మల్ ప్రాంతంలోనే కలదు.

1830లలో మద్రాసు సైన్యపు వైద్యుడు జె.జి. మాల్కమ్‌సన్ హైదరాబాదు, నాగపూరుల మధ్య ప్రయాణిస్తూ, ఆనాటి ఆంగ్ల రచనలలో సిచెల్ కొండలుగా పేర్కొన్న నిర్మల్ ప్రాంతపు కొండలలో రాయిగా మారిన నత్త కర్పరాలను సేకరించాడు. ఇవి బసాల్టు పొరల నడుమ ఉన్న మట్టి, చెకుముకి రాతి పొరలలో దొరికినవి. 1840లో లండన్ భూవిజ్ఞాన సంఘం ఈ పరిశీలనలను ప్రచురించినది. వాటిలోని కర్పరాలను సోవర్బీ వర్ణించి ఫైసా ప్రిన్సెపీ మొదలైన పేర్లు పెట్టాడు. తరువాతివారు ఫైసా ప్రిన్సెపీని ప్లాటిఫైసా అనే ప్రజాతిలో చేర్చారు. ఇది నేలనత్త కాదు, మంచినీటి నత్త. చుట్టు దిశలో ఇది అల్లోపియాస్‌కు వ్యతిరేకం, ఎడమచుట్టుది. రాయిగా మారినా ఆ లక్షణం చెక్కుచెదరలేదు.

మంచినీటి నత్తలు దొరకడం వలన ఒక విషయం తేలినది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను లావా ప్రవాహాలు ఎడతెగక పారలేదు. ఒక ప్రవాహానికీ మరొకదానికీ నడుమ చెరువులు ఏర్పడి, వాటిలో జీవులు నివసించేంత వ్యవధి ఉండేది. ఈ సంగతి తెలిపినవాటిలో చేతిలో పట్టే చిన్న కర్పరాలు ముఖ్యమైనవి.

అల్లోపియాస్ గ్రాసిలేకు కూడా ఇటువంటి చరిత్ర ఉన్నది. పసిఫిక్ మహాసముద్ర ద్వీపాలలో, యూరోపియనులు రాకముందటి పురావస్తు పొరలలో దీని కర్పరాలు దొరికినవి. పాలినేషియా ప్రజలు పడవలలో దుంపలు, మొక్కలు తీసుకుపోయినప్పుడు మట్టితోపాటు ఈ నత్త కూడా ప్రయాణించినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. నేడు నర్సరీ కుండీలతో నత్తలు ఊళ్ళు మారడం కూడా అటువంటిదే.

తోటలలో చేయదగినది

అల్లోపియాస్ గ్రాసిలే ప్రధానంగా కుళ్ళిన ఆకులు, మొక్కల వ్యర్థాలు తిని బతుకుతుంది. తద్వారా ఆకులు మట్టిలో కలిసిపోవడానికి తోడ్పడుతుంది. నర్సరీలలో సంఖ్య మితిమీరినప్పుడు లేత మొలకలను కొరకవచ్చును గాని, సాధారణ పెరటిలో దీనికోసం మందు వాడవలసిన పని లేదు. నత్తలకు వాడే మెటాల్డిహైడ్ గుళికలు కుక్కలకు, పశువులకు ప్రాణాపాయం కలిగించగలవు. ఉప్పు చల్లితే నేల, మొక్కలు దెబ్బతింటాయి. పైగా ఈ మందులు చిన్న నత్తలను తినే హట్టొనెల్లా వంటి జాతులను కూడా చంపుతాయి.

బయటి ఊళ్ళ నుండి తెచ్చిన కుండీలలో లావుపాటి, తక్కువ చుట్లు గల, స్తంభిక తెగిన నత్త పిల్లలు కనిపిస్తే మాత్రం ఉపేక్షించరాదు. వాటిని చేతితొడుగు వేసుకొని ఏరివేయాలి. కుండీ మట్టిలో గుడ్లు ఉన్నవేమో వెదకాలి. ఆఫ్రికా నత్త గుడ్లు సుమారు 5 మిల్లీమీటర్లు, లేత పసుపు తెలుపు రంగులో, గుంపుగా ఉంటాయి. తరువాత వ్యవసాయ లేదా ఉద్యానశాఖ అధికారులకు తెలియజేయాలి. మొదటి పది పిల్లలను గుర్తించి తొలగించడం సులభం. ఊరంతా వ్యాపించిన తరువాత తొలగించడం దాదాపు అసాధ్యం.

ఇవి కూడా చూడండి

* నత్త
* మొలస్కా
* శంఖం
* ఆఫ్రికా రాక్షస నత్త
* దక్కను పీఠభూమి
* కవ్వాల్ అభయారణ్యం